నచికేతుని మొదటి వరము

అద్భుతకథలలో పదునాఱేండ్లు నిండని నాయకునికి అనుకూలుడైన పెద్దదిక్కు దొరకుట అరుదు. ఒక కథలో తండ్రి కోపిష్ఠి. మరొక కథలో గురువు అడిగినదానికి సమాధానం చెప్పడు. ఇంకొక కథలో మేనమామ ప్రాణం తీయజూస్తాడు. వేరొకచోట కడుపులో పెట్టుకొని పెంచినవారే పుట్టుపూర్వోత్తరాలు దాచిపెడతారు. దేశమేదైనా, భాష ఏదైనా ఈ లక్షణం మారదు. దీనికి కారణమేమని అడిగినప్పుడు సాధారణంగా వినవచ్చే సమాధానం ఒకటున్నది. పిల్లవాడు ఇల్లు విడిస్తేనే గాని కథ నడవదు. ఇల్లు విడువవలెనంటే ఇంట సుఖం ఉండరాదు. కాబట్టి కథకుడు కఠినుడైన పోషకుణ్ణి కల్పిస్తాడు. ఈ సమాధానంలో అసత్యం లేదు. కాని ఇది గుమ్మందాక వచ్చి ఆగిపోయే సమాధానం. గుమ్మం దాటిన పిల్లవాడు లోకాంతరానికి ఏమి మోసికొని పోయినాడో ఇది చెప్పదు.

అతడు మోసికొని పోయేది ఒక ప్రశ్న. పోషకుడు చెప్పలేకపోయినదో, చెప్ప నిరాకరించినదో అయిన ప్రశ్న అది. అద్భుతలోకంలో ఆ పిల్లవానికి ఎదురయ్యే యక్షులు, మాంత్రికులు, దేవతలు, యంత్రాలు అన్నీ ఆ ప్రశ్నకే ఏదో ఒక విధమైన సమాధానాలు. కావున పోషకుడు కఠినుడా, మృదువా అన్న విచారణకంటె, అతని కాఠిన్యం పిల్లవానిలో ఏ ప్రశ్నను లేపినది, ఆ ప్రశ్న చివరకు ఏమైనది అన్న విచారణ విమర్శకు ఎక్కువ ఉపకరిస్తుంది. పురాణకథ, దాస్తాన్, మజిలీకథ, నేటి వైజ్ఞానిక కల్పన అనే భేదం లేకుండ ఈ విచారణ అన్నిటికీ వర్తిస్తుంది.

హిందీనుండి తెలుగుకు అనువదించేవారికి ఈ సందర్భంలో ఒక మాట దగ్గర కలం ఆగుతుంది. పిల్లల బాగోగులు చూచే పెద్దను హిందీలో 'అభిభావక్' అంటారు. బడి దరఖాస్తులమీద, వార్తాపత్రికలలో నిత్యం కనిపించే మాట అది. ఆ మాటను ఉన్నదున్నట్లు తెలుగులోనికి తెస్తే పాఠకుడు ఉలికిపడతాడు. తెలుగులో అభిభవమంటే పరాభవం, తిరస్కారం. సంస్కృతంలోనూ ఆ ధాతువుకు లొంగదీయుట, మించిపోవుట అనే అర్థాలే ముఖ్యం. హిందీ వ్యవహారంలో అరిగి మెత్తబడిన మాటలో తెలుగు చెవికి పాత పదును ఇంకా వినిపిస్తుంది. 'సంరక్షకుడు' అని అనువదిస్తే అర్థం సరిపోతుంది గాని ఆ పదును పోతుంది. కాపాడే చేయి, అణచే చేయి ఒకటే అయినప్పుడు ఆ చేతిక్రింద పెరిగిన పిల్లవాడు ఏమవుతాడు? అద్భుతకథ తరతరాలుగా పట్టుకొని వదలని విషయం ఇదే.

ఈ విషయానికి మూలకథగా చెప్పదగినది కఠోపనిషత్తులోని నచికేతుని కథ. దానిని తత్త్వగ్రంథంగా చదివేవారు కథాభాగాన్ని త్వరగా దాటి ఆత్మవిద్యకు పోతారు. కాని కథగా చూచినప్పుడు దాని నిర్మాణం ఆశ్చర్యకరమైనది. తండ్రి సర్వస్వం దానం చేసే యజ్ఞం చేస్తున్నాడు. దక్షిణగా తోలుకొని పోతున్న ఆవులు ముసలివి. వాటికి ఇక నీరు త్రాగే ఓపిక లేదు, గడ్డి మేసే ఓపిక లేదు, పాలు లేవు, ఈనే శక్తి లేదు. కుమారుడు చూచినాడు. ఇట్టివాటిని దానమిచ్చినవానికి ఆనందం లేని లోకాలే గతి గదా అని అతనికి భయం కలిగినది. ఆ భయం తనకోసం కాదు, తండ్రికోసం. సర్వస్వంలో కొడుకు కూడ చేరుతాడు గనుక, నన్నెవరికి ఇస్తావని అడిగినాడు. ఒకసారి అడిగి ఊరకుండలేదు. రెండవసారి, మూడవసారి అడిగినాడు. నిన్ను మృత్యువుకు ఇస్తున్నానని తండ్రి అన్నాడు.

ఇక్కడ తండ్రి దుర్మార్గుడు కాడు. అతడు యజ్ఞశాలలో పదిమంది ఎదుట ఉన్న గృహస్థు. తాను చేసే దానంలోని లోపం తనకు తెలియనిది కాదు. దానిని కన్నకొడుకే వేలెత్తి చూపినాడు. అతని కోపానికి మూలం సిగ్గు. ఇటువంటి కోపం పుట్టని ఇల్లు లేదు. 'చావు' అన్న మాట ప్రతి పల్లెలోను విసిగిన తల్లిదండ్రుల నోట పిల్లలమీద పడుతూనే ఉంటుంది, పడినంత త్వరగానే గాలిలో కలిసిపోతుంది. అద్భుతకథ చేసిన పని ఒక్కటే. ఆ మాటను అక్షరాలా నిజం చేసినది. విసుగులో జారిన మాట ఒక ద్వారమై తెరచుకొన్నది, పిల్లవాడు అందులోనుంచి నడిచి పోయినాడు. లోకసహజమైన ఒక గృహకలహంనుండి లోకాంతరానికి ఇంత తిన్నని దారి వేసిన కథ మరొకటి దొరకడం కష్టం.

యముని ఇంట నచికేతుడు మూడు రాత్రులు అన్నం లేకుండ వేచియున్నాడు. గృహస్థు ఇంట లేడు. తిరిగి వచ్చిన యముడు చేసిన మొదటి పని తన లోపాన్ని ఒప్పుకొనుట. అతిథి ఉపవాసమున్నందుకు పరిహారంగా రాత్రికొక వరం చొప్పున మూడు వరాలు ఇచ్చినాడు. తండ్రి యజ్ఞంలోని లోపం ఎత్తిచూపితే కోపం వచ్చినది. మృత్యువు మాత్రం కోపగించక తన ఇంటి లోపాన్ని గుర్తించినాడు. పిల్లవాని జీవితంలో ఇతడు రెండవ పోషకుడు. ఇతడును సులభుడు కాడు. మూడవ వరంగా మరణానంతర స్థితిని గూర్చి అడిగినప్పుడు చెప్పనన్నాడు. నూరేండ్లు బ్రతికే కొడుకులను, మనుమలను, ఏనుగులను, గుఱ్ఱాలను, బంగారాన్ని, అప్సరలను ఇస్తానన్నాడు, ఆ ప్రశ్న మాత్రం వద్దన్నాడు.

ఈ ఇద్దరి కాఠిన్యాలలో భేదం గమనింపదగినది. తండ్రి ఆలోచించకుండ సమాధానం చెప్పినాడు. యముడు ఆలోచించి సమాధానం నిరాకరించినాడు. మొదటివాని కాఠిన్యం ప్రశ్నను త్రుంచివేయుటకు పుట్టినది. రెండవవాని కాఠిన్యం ప్రశ్న ఎంత లోతైనదో కొలుచుటకు పుట్టినది. మొదటిది లేకపోతే పిల్లవాడు కదలడు, రెండవది లేకపోతే ఎదగడు. కౌమారాన్ని చిత్రించిన అద్భుతకథలలో ఉత్తమమైనవాటిని పరిశీలిస్తే ఈ ఇద్దరు పోషకులూ ఏదో రూపంలో కనిపిస్తారు. 1997లో ఆంగ్లంలో మొదలై హిందీలోనికి కూడ వచ్చిన హారీ పాటర్ కథలను చూడవచ్చును. మెట్లక్రింది అరలో పిల్లవాణ్ణి పడుకోబెట్టిన పెద్దతల్లి, ఆమె భర్త మొదటి విధానికి చెందినవారు. తెలిసిన నిజాన్ని ఏండ్ల తరబడి ఆ పిల్లవానికి చెప్పకుండ దాచిన ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ రెండవ విధానికి చెందినవాడు. పాఠకులకు మొదటివారిమీద నవ్వు, కోపం మాత్రమే కలుగుతాయి. ఎడతెగని వాదాలు నడిచేది రెండవవానిమీదనే. ఆ పిల్లవానికి నిజంగా దుర్భరమైన పోషకుడు ఎవరో పాఠకలోకం సరిగానే గుర్తించినది.

నచికేతుని కథలో అందరూ మూడవ వరాన్ని గూర్చి వ్రాస్తారు. కాని మొదటి వరం మూడవదానికంటె తక్కువ విచిత్రమైనది కాదు. మృత్యువు ఎదుట నిలిచి ఏది కోరినా దొరికే క్షణంలో ఆ పిల్లవాడు మొట్టమొదట కోరినది తండ్రి మనశ్శాంతిని. తండ్రి వీతమన్యుడు కావలె, అనగా కోపం తీరినవాడు కావలె. తాను తిరిగి వచ్చినప్పుడు తనను గుర్తించి పలకరించవలె. యముడు దానికి ఒప్పుకొని, అడగని మాట ఒకటి చేర్చినాడు. నీ తండ్రి ఇకమీద రాత్రులు సుఖంగా నిద్రిస్తాడని చెప్పినాడు. కోపం వచ్చిన తండ్రికి నిద్ర పట్టలేదని కథ ఎక్కడా చెప్పదు. ఈ ఒక్క మాటవల్ల ఆ సంగతి పాఠకునికి తెలుస్తుంది. యజ్ఞశాలలో అంత కఠినంగా కనిపించిన మనిషి చీకటిలో కన్నులు తెరచుకొని పడియున్న దృశ్యం ఆ మాట వెనుక ఉన్నది.

దీనిని పితృభక్తి అని మాత్రం చెప్పి ఊరుకొనుట చాలదు. 'నన్ను గుర్తించవలె' అన్న కోరికలో ఒక భయం కూడ ఉన్నది. లోకాంతరానికి పోయి వచ్చినవాడు పోయినవాడే కాడు. అతడు మారిపోతాడు. మారిన కొడుకును ఇంటివారు పోల్చుకొనలేకపోవచ్చును. ఇల్లు విడిచి చదువుకో, ఉద్యోగానికో దూరదేశం పోయి వచ్చిన ప్రతి యువకుడూ ఎరిగిన భయమే ఇది. దీనిని మృత్యులోకం వాకిట నిలిపి చూపుట అద్భుతకథకే సాధ్యమైనది.

ప్రహ్లాదుని కథ దీని ప్రక్కన పెట్టి చూడదగినది. తెలుగువారికి ఆ కథ పోతన భాగవతం సప్తమస్కంధంద్వారా కంఠస్థమైనది. హిరణ్యకశిపుడు కొడుకును మొదటినుండి ద్వేషించినవాడు కాడు. తొడపై కూర్చుండబెట్టుకొని, చదివినదేమో చెప్పుమని ముద్దుగా అడిగిన తండ్రి అతడు. చండామార్కులను గురువులుగా నియమించినది కొడుకు బాగుపడవలెనన్న కోరికతోనే. కాని ఆ కోరికకు ఒక రూపమే ఉన్నది. కొడుకు తనకు మరొక ప్రతి కావలె. ప్రతి కాకుండ వేరొక మనిషిగా నిలిచిన మరుక్షణం ఆ ప్రేమ ఏనుగులుగా, పాములుగా, విషంగా, అగ్నిగా మారినది. ఇక్కడ కఠినత ప్రేమకు విరోధి కాదు. అది భగ్నమైన ప్రేమ ధరించిన రూపం.

ఐతే పాత్రపోషణ దృష్టితో చూచినప్పుడు ఒక తేడా స్పష్టమవుతుంది. ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉన్నప్పుడే నారదునివలన తత్త్వం విన్నాడు. పుట్టుకతోనే పరిపూర్ణుడు. తండ్రి పెట్టిన ప్రతి పరీక్షా అతనిలో ఉన్నదానిని బయటపెట్టినదే గాని, లేనిదానిని కలిగించలేదు. అతడు ప్రశ్నించడు, సమాధానమే చెప్పుతాడు. కాబట్టి కథలో మారేవాడు కొడుకు కాడు. గారాబంనుండి ఆశ్చర్యానికి, ఆశ్చర్యంనుండి భయానికి, భయంనుండి ఉన్మాదానికి మెట్టుమెట్టుగా దిగిపోయే తండ్రి. భక్తికావ్యానికి ఇది లోపం కాదు, దాని ధర్మమే అది. కాని కౌమార చిత్రణకు ఈ కథను ఆదర్శంగా తీసికొని వ్రాసిన తరువాతి కల్పనలలో బాలనాయకులు రాతిబొమ్మలవలె ఉండిపోవుటకు కారణం ఇక్కడ వెదకవచ్చును.

అయినను ఆ కథలో రెండు సన్నివేశాలు ఈ విచారణకు అమూల్యమైనవి. నరసింహుని ఉగ్రరూపం ఎదుట బ్రహ్మాదులు దూరంగా నిలిచిపోయినారు. లక్ష్మి కూడ దగ్గరకు పోలేకపోయినది. పోయినది ప్రహ్లాదుడొక్కడే. దీనికి భాగవతం చెప్పే కారణం భక్తి. కథాదృష్టితో మరొక సంగతి కూడ తోస్తుంది. కనులెఱ్ఱజేసిన ముఖం ఎదుట పెరిగిన పిల్లవానికి ఉగ్రత్వం క్రొత్త కాదు. రెండవ సన్నివేశం వరం కోరిన ఘట్టం. తన తండ్రి చేసిన పాపం తొలగి అతడు పవిత్రుడు కావలెనని ప్రహ్లాదుడు అడిగినాడు. నచికేతుడు, ప్రహ్లాదుడు ఇద్దరూ అద్భుతశక్తి ఎదుట నిలిచినప్పుడు తమ్ము బాధించిన తండ్రిని గూర్చియే కోరినారు. ఒకని తండ్రి బ్రతికియున్నాడు గనుక కోపం తీరవలెనన్నాడు. మరొకని తండ్రి పోయినాడు గనుక పాపం తీరవలెనన్నాడు. రెండు వేరు వేరు కాలాల గ్రంథాలు, రెండు వేరు వేరు దర్శనాలు ఈ ఒక్కచోట కలిసికొనుట యాదృచ్ఛికం కాదు. పోషకునితో తెగని లెక్క ఒకటి మిగిలియున్నంతవరకు బాలనాయకుడు తన జీవితం తాను మొదలుపెట్టలేడని ఈ కథలకు తెలుసు.

ఇంతవరకు చెప్పినది చదివి, కాఠిన్యం పిల్లవానికి మేలే చేస్తుందని ఎవరైన భావించినచో అది పొరపాటు. ఢిల్లీ పొరుగున ఉన్న గురుగ్రామ్ ఈ సందర్భంలో గుర్తు చేసికోదగిన ఊరు. గుడ్‌గావ్ అని పిలువబడుతూ వచ్చిన ఆ నగరానికి 2016లో గురుగ్రామ్ అని పేరు మార్చినారు. ద్రోణాచార్యునికి శిష్యులు ఇచ్చిన గ్రామమన్న ఐతిహ్యమే ఆ పేరుకు ఆధారం. ఆ గురువు పేరు వినగానే అర్జునునితోపాటు ఏకలవ్యుడు కూడ గుర్తుకు వస్తాడు. గురువు చెంత చేర్చుకొనలేదు. బాలుడు మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని తనంత తాను నేర్చుకొన్నాడు. చివరకు గురువు వచ్చి కుడిచేతి బొటనవ్రేలు అడిగినాడు. ఇక్కడ కాఠిన్యానికి కొరత లేదు. కాని ద్వారం తెరచుకొనలేదు, రెండవ పోషకుడు ఎదురు రాలేదు, వరమేదీ దొరకలేదు. నచికేతుణ్ణి ఎదిగించినది తండ్రి కోపమే అయినచో ఏకలవ్యుణ్ణి ద్రోణుని నిరాకరణ ఇంకా ఎక్కువ ఎదిగించవలసినది. పిల్లవాణ్ణి ఎదిగించేది తన ప్రశ్నను ఎక్కడైన ఒకచోట వినే చెవి దొరకుట. ఆ చెవి దొరకని కథలో కాఠిన్యం గాయంగానే మిగులుతుంది.

కరుణగల పోషకుడు అడ్డుపడే కథలూ లేకపోలేదు. విశ్వామిత్రుడు యజ్ఞరక్షణకు రాముణ్ణి పంపుమన్నప్పుడు, వానికి పదునాఱేండ్లు కూడ నిండలేదే అని దశరథుడు తల్లడిల్లినాడు. ఆ మాటలో ఉన్నది నిండైన ప్రేమ. కాని ఆ ప్రేమ గెలిచినచో బల, అతిబల విద్యలు లేవు, దివ్యాస్త్రాలు లేవు, మిథిలకు పయనం లేదు. ముక్కోపిగా పేరుపడ్డ ఋషి పిల్లవాణ్ణి అడవిగుండ నడిపించుకొని పోతూ దారిపొడుగునా కథలు చెప్పినాడు. అడిగినదానికల్లా జవాబిచ్చినాడు. కోపిష్ఠి అయిన గురువు ప్రశ్నలపట్ల ఓర్పుగలవాడై ఉండవచ్చునని, ప్రేమమయుడైన తండ్రి ప్రశ్నే పుట్టకుండ చేయవచ్చునని బాలకాండ సూచిస్తుంది.

ఢిల్లీ నగరానికి చెందిన మరొక అద్భుత సంప్రదాయం దాస్తాన్. జామా మసీదు మెట్లమీద సాయంకాలాలు కథకులు జనాన్ని కూర్చుండబెట్టుకొని అమీర్ హంజా కథలు చెప్పిన కాలమొకటి ఉండెను. ఆ పరంపరలో ఢిల్లీ చివరి మహాకథకుడుగా పేరొందిన మీర్ బాఖర్ అలీ 1928లో మరణించినాడు. తరువాత చాలాకాలం మూగవోయిన ఆ కళను షంసుర్ రహమాన్ ఫారూఖీ ప్రోత్సాహంతో మహమూద్ ఫారూఖీ 2005లో ఢిల్లీ వేదికమీదికి మరల తెచ్చినాడు. ఈ కథలలో మిక్కిలి పేరొందిన తిలిస్మె హోష్‌రుబా 1883నుండి లఖ్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయంద్వారా అచ్చై వెలువడినది. అందులో హంజా మనుమడైన అసద్ మాయలరాజు అఫ్రాసియాబ్ తిలిస్మును జయించుటకు పోతాడు. ఆ యువకునికి అండగా వెంబడి పోయేవాడు అమర్ ఐయార్.

అమర్‌వంటి పోషకుడు మరొకడు లేడు. పిసినిగొట్టు, వేషగాడు, దొంగ. లోకమంతా పట్టే సంచి ఒకటి భుజాన ఉంటుంది. అందులో పడినది తిరిగి రాదు. ఆపదలో ఉన్న రాకుమారుణ్ణి రక్షించే నడుమ కూడ నేలపై పడిన నగను ఏరుకోకుండ ఉండలేడు. కాని నమ్మినవారిని విడిచిపోడు. శ్రోతలు అతనికోసమే చెవి కోసికొన్నారు. విమర్శకు ఇక్కడ ఒక హెచ్చరిక ఉన్నది. పోషకుడు ఎంత రంజకుడైతే పోష్యుడు అంత వెలవెలపోతాడు. అసద్ శౌర్యవంతుడే, సుందరుడే. అయినా కథ ముగిసిన తరువాత అతని ముఖం గుర్తుండదు. అతని పక్షాన మాయలు పన్నేవాడు, దారులు వెదికేవాడు అమర్ కాగా, రాకుమారునికి ప్రశ్నించే అవసరమే కలుగలేదు. దుర్భరుడైన పోషకుడు అన్ని తాళాలు తానే తెరచినచో పిల్లవానికి కౌమారం గడచిపోతుంది గాని ఎదుగుదల ఉండదు.

దీనికి తెలుగులో చక్కని ప్రత్యుదాహరణ కలదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా వ్రాసిన కాశీమజిలీ కథల చట్రం అందరూ ఎరిగినదే. మణిసిద్ధుడనే యతికి కాశీయాత్రలో తోడు కావలెను. పసులకాపరి బాలుడొకడు వస్తానన్నాడు, కాని నియమం పెట్టినాడు. దారిలో తాను చూచిన వింతను గూర్చి అడిగితే, మజిలీలో దాని కథ చెప్పవలె. గురుశిష్య సంబంధం ఇక్కడ తలక్రిందైనది. మొండివాడు బాలుడు, కట్టుబడినవాడు యతి. ఆ బాలునికి కులం లేదు, చదువు లేదు, ధనం లేదు. ఉన్నది ప్రశ్న అడిగే హక్కు ఒక్కటే. దానినే అతడు ముందుగా వ్రాయించుకొన్నంత గట్టిగా సంపాదించుకొన్నాడు. కొడుకు మూడుసార్లు అడిగినందుకు మృత్యువుకు ఇచ్చిన తండ్రి ఒకవైపు, పన్నెండు భాగాల పొడుగునా అడిగినదానికి జవాబు చెప్పుతూ నడచిన గురువు మరొకవైపు. ఈ రెండు కొసల మధ్య భారతీయ అద్భుతకథలోని పోషకులందరినీ నిలిపి చూడవచ్చును.

ఆధునిక వైజ్ఞానిక కల్పనలో ఈ సమస్య క్రొత్త రూపం ధరించినది. 1818లో వెలువడిన మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్‌లో సృష్టించినవాడే పోషకుడు కావలసియుండగా, కన్ను తెరచిన జీవిని చూచి పారిపోయినాడు. ఆ జీవి ఒక పల్లెయింటి గోడసందునుండి పరుల మాటలు విని భాష నేర్చుకొన్నాడు. కాఠిన్యంలో పరాకాష్ఠ తిట్టుట కాదు, కొట్టుట కాదు, ముఖం త్రిప్పుకొని పోవుట అని ఆ నవల చెప్పినది. నన్ను గుర్తించవలెనన్న నచికేతుని కోరికే ఇక్కడ వికృతమై, తీరక, హత్యలుగా పరిణమించినది.

మన దేశంలో ఈ శాఖ చాలాకాలం ఆయా భాషల పత్రికలలో చెదరియుండెను. నేషనల్ బుక్ ట్రస్టువారు బాల్ ఫొండ్కే సంపాదకత్వంలో 1993లో ఢిల్లీనుండి ప్రకటించిన సంకలనం పలు భాషల వైజ్ఞానిక కథలను ఒకచోట చేర్చినది. 2009లో ఢిల్లీలోనే యంగ్ జుబాన్ సంస్థ ప్రకటించిన అనిల్ మేనన్ ఆంగ్ల నవల 'ద బీస్ట్ విత్ నైన్ బిలియన్ ఫీట్' కౌమార పాఠకులకై వ్రాసినది. 2040 నాటి పుణె నగరంలో తార, ఆదిత్య అనే తోబుట్టువుల కథ అది. తండ్రి శివన్ ప్రసిద్ధుడైన జన్యుశాస్త్రవేత్త. అతని పేరు ఇంటిలో ఉంటుంది, మనిషి ఉండడు. జీవకణాలను దిద్దగలిగిన లోకంలో తండ్రి లేని లోటును దిద్దే విద్య లేదు. ఇట్టి కథలలో పోషకుని చేయి పిల్లవాని పుట్టుకకు ముందే చాచబడుతుంది. హిరణ్యకశిపుడు కొడుకు పుట్టినతరువాత తన ప్రతిగా మలచజూచినాడు. జన్యువిద్యకు ఆ నిరీక్షణ కూడ అక్కరలేదు. ప్రహ్లాదుడు గర్భంలో ఉండగా నారదుని మాట విన్నాడు. రేపటి శిశువు గర్భంలో ఎవరి మాట వింటాడన్న భయం నేటి కల్పన వెనుక కదలుతున్నది.

ఇట్టి కథలను పిల్లలకోసం తిరిగి చెప్పేవారు, అనువదించేవారు రెండు ప్రలోభాలకు లోనవుతారు. మొదటిది పోషకుణ్ణి మెత్తబరచుట. తండ్రి పొరపాటున అన్నాడు, వెంటనే ఏడ్చినాడు అని వ్రాసినచో పిల్లవాని ప్రయాణానికి అర్థం పోతుంది. రెండవది పోషకుణ్ణి రాక్షసుణ్ణి చేయుట. తండ్రి నీచుడు, లోభి, క్రూరుడు అని చిత్రించినచో మొదటి వరానికి అర్థం పోతుంది. అట్టివాని శాంతిని ఎవడు కోరుతాడు? నచికేతుని తండ్రి మాట కఠినంగానే ఉండవలె, మనిషి మాత్రం ప్రేమింపదగినవాడుగానే ఉండవలె. ఈ సమతూకం చెడితే మిగిలేది నీతిపాఠమో, పగకథయో అవుతుంది. తమ ఇండ్లలోనే ఇట్టి మనుష్యులను చూస్తున్న బాలపాఠకులకు ఆ రెంటిలో ఏదియు అక్కరకు రాదు.

ఈ సమతూకాన్ని జీవితమంతా వెదకిన కవి హిందీలో కుఁవర్ నారాయణ్. 1927లో ఫైజాబాదులో జన్మించి, చిరకాలం లఖ్నోలోను, చివరి సంవత్సరాలు ఢిల్లీలోను నివసించి 2017లో ఢిల్లీలోనే కన్నుమూసినాడు. చిన్ననాటనే తల్లిని, సోదరిని క్షయవ్యాధికి కోల్పోయినవాడు. 1965లో ప్రకటించిన 'ఆత్మజయీ' కావ్యంలో నచికేతుణ్ణి నాయకుణ్ణి చేసినాడు. అందులో కుమారుడు ఈ యుగపు ఆలోచనాపరుడైన యువకుడు. తండ్రి వస్తుసంపదను, ఆచారాన్ని నమ్ముకొన్న తరానికి ప్రతినిధి. యముని దర్శనం బయట ఎక్కడో జరిగే సంఘటన కాక, కుమారుని అంతరంగంలో జరిగే అనుభవంగా మారినది. ఆ కావ్యం పూర్తిగా కొడుకు పక్షాన నిలిచినది. అప్పటికి కవి వయస్సు నలుబదికి లోపు. స్వాతంత్ర్యం వచ్చి రెండు దశాబ్దాలు నిండని ఆ కాలంలో పెద్దల సంపాదనను, పెద్దల విశ్వాసాలను నిలదీసిన తరానికి నచికేతుడు సహజంగానే ఆప్తుడైనాడు.

నలుబది మూడేండ్లు గడచినవి. 2008లో, ఎనుబది యేండ్ల ప్రాయాన, ఆ కవి మరల ఆ యింటికే వచ్చి 'వాజశ్రవా కే బహానే' వ్రాసినాడు. ఈసారి కావ్యానికి పేరు కొడుకుది కాదు, తండ్రిది. మొదటి కావ్యం మృత్యువు వైపునుండి జీవితాన్ని చూచినదైతే, రెండవది జీవితం వైపునుండి మృత్యువును చూచినది. కోపంలో కొడుకును పోగొట్టుకొన్న తండ్రి, తిరిగి వచ్చిన కొడుకు ఎదురెదురుగా నిలిచిన వేళ అందులోని విషయం. తండ్రిని సమర్థించుటకు కవి పూనుకొనలేదు, కొడుకును తక్కువ చేయనూ లేదు. కోపం అణగినతరువాత మాట్లాడుటకు తండ్రికి ఒక చోటు కల్పించినాడు. ముసలి ఆవులను దానమిచ్చిన చేతులు ముసలివైన తరువాత ఆ చేతుల బరువు ఎట్టిదో యౌవనంలో వ్రాసిన కావ్యానికి తెలిసే అవకాశం లేదు.

కఠోపనిషత్తు మొదటి వరాన్ని ఇప్పించినదే గాని ఆ వరం ఫలించిన దృశ్యాన్ని చూపలేదు. యముడు మాట ఇచ్చినాడు, కొడుకు ఆత్మవిద్య పొందినాడు, గ్రంథం ముగిసినది. తండ్రి కొడుకును చూచి ఏమన్నాడు, ఆ రాత్రి నిద్రించినాడా అన్నది వేల యేండ్లుగా వ్రాయబడకుండ మిగిలినది. కౌమారాన్ని చిత్రించే అద్భుతకథలలో చాలభాగం ఇక్కడనే ఆగిపోతాయి. పిల్లవాడు గెలుస్తాడు, పోషకుడు ఓడిపోతాడు, లేక చనిపోతాడు, లేక మరచిపోబడతాడు. తిరిగి వచ్చి తలుపు తట్టిన దృశ్యం వ్రాయుటకు కవికి పిల్లవాని ప్రశ్న గుర్తుండవలె, తండ్రి వయస్సు కూడ రావలె. కుఁవర్ నారాయణ్ విషయంలో ఆ రెండింటికి మధ్య నలుబది మూడేండ్లు పట్టినవి.